పాటలోని అమ్మ

ట్రంకుపెట్టె తాళంచెవిని కొంగుకు ముడేసి, ఆ కొంగును నడుము చుట్టూ బిగించి, బుల్లమ్మ సరిగ్గా ఆ పెట్టె మీదే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఇక ఎవరైనా చీర తీయాలంటే ముందు మనిషిని లేపాలి.

"అవ్వా, జర లే," అంది కూతురు సమ్మక్క.

"కూరగాయలు తుంచుతున్న. కనబడ్తలేదా?"

"కింద కూసోని తుంచు. మేడం బయల్దేరిందట. బుధ్రాం కెమెరా పట్టుకొని చౌక్ దాక వచ్చిండు."

"రానీ. నేనేమన్న తలుపుకు అడ్డం కూసున్ననా? పెట్టె మీద కూసున్న."

సమ్మక్క పళ్ళు కొరుక్కుంది. నిన్న సాయంత్రం నుంచి ఆ పిల్ల అన్నం ముట్టలేదు. తల్లి కూడా ముట్టలేదు. వండిన అన్నం వండినట్టే ఉంటే, పొద్దున్నే దాన్ని పక్క క్వార్టర్ వాళ్ళ మేకకు పెట్టాల్సి వచ్చింది.

తగువంతా పాట గురించి. కాలేజీ వార్షికోత్సవానికి సమ్మక్క తన జట్టుతో ఒక పాట వీడియో తీస్తోంది. పాట తనదే, సగం ఇక్కడి హల్బీ భాష, సగం తెలుగు. ఊరు విడిచి చదువుకు పోయే పిల్ల, ఆ పిల్లను సాగనంపే తల్లి. పిల్ల వేషం సమ్మక్కదేనని బుల్లమ్మకు మొదటి నుంచీ తెలుసు. తల్లి వేషం ఎవరిదని ఆమె ఎన్నడూ అడగలేదు. అడగాల్సిన పనేముంది? పిల్లకు తల్లి ఉంది, పాటలో తల్లి ఉంది, రెండూ ఒకటే అనుకుంది. ఆ వేషం హేమలత మేడం కడుతోందని నిన్న కుళాయి దగ్గర పొరుగావిడ చెప్పింది. చెప్పి, "నీ పెండ్లి చీరె కట్టుకుంటదంట గదా," అని కూడా కలిపింది.

హేమలత మేడం అనకాపల్లి మనిషి. దంతెవాడ పక్కనున్న ఈ ఇనుప గనుల టౌన్‌షిప్ కాలేజీలో గెస్ట్ లెక్చరర్. ఈ నెలతో ఆమె నౌకరీ గడువు తీరిపోతుంది, తీరితే సొంత ఊరి వైపు వెళ్ళిపోతుంది. ఆ ఒక్క మాట తలుచుకునే బుల్లమ్మ ఇన్నాళ్ళూ ఓర్చుకుంది.

ఎందుకంటే ఓర్చుకోవాల్సింది తక్కువేం లేదు. మేడం అద్దెగదికి మగపిల్లలు రాకూడదని ఇంటివాళ్ళ షరతు. అందుకని జట్టంతా బుల్లమ్మ ఇంట్లోనే కూర్చునేది. బియ్యం డ్రమ్ము మీద మేడం లాప్‌టాప్ పెట్టేవాళ్ళు. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకొచ్చిన పాటల వీడియోలు ఒకదాని తర్వాత ఒకటి చూసేవాళ్ళు. చూడటమంటే మామూలు చూడటం కాదు. పాట నడవనిచ్చేవాళ్ళు కాదు.

"గొంతు కట్టేసి చూడండి," అనేది మేడం. "పాట వినపడకుండా బొమ్మ నిలబడుతుందా లేదా, అది చూడాలి మనం."

గొంతు లేని పాటలో మనుషులు చేపల్లా నోళ్ళు తెరిచేవారు. బొమ్మ మారిన ప్రతిసారీ జట్టులోని బుధ్రాం తొడ మీద చరిచేవాడు. ఆ చరుపులన్నీ కలిస్తే దరువు తేలేది. "చూసిండ్రా, డప్పు పడ్డ కాడల్లా బొమ్మ మారుతంది," అని సమ్మక్క కేక పెట్టేది. మేడం ఆ పిల్ల వీపు తట్టి, "అద్దీ సమ్మూ. నీకు కన్నుంది," అనేది.

సమ్మూ. మేడారం జాతరలో మొక్కుకుని పెట్టుకున్న పేరు సమ్మక్క. ఆ పేరును ఎవరో అనకాపల్లి ఆవిడ చిక్కుడుకాయలా సగానికి తుంచేస్తే, పిల్ల నవ్వుతూ పలికేది. చాయ్ గ్లాసులు అందిస్తూ బుల్లమ్మ అన్నీ వినేది.

"అమ్మ పాటలన్నీ ఒక్కతీరే ఉన్నయి మేడం," అంది సమ్మక్క ఒకనాడు. "తెల్ల చీరె, గడప, కొంగుతో కండ్లు తుడుసుడు. అమ్మ ఏ పనీ చేయదు, ఏడ్సుడు తప్ప. ముఖం చూపిస్తే ఏడుపు చిన్నగైతంది. చేతులు చూపిస్తే పెద్దగైతంది. మన పాటల చేతులు చూపిద్దాం."

మేడం చాలాసేపు ఆ పిల్ల వైపు చూసింది. ఆ చూపు బుల్లమ్మకు నచ్చలేదు. సంతలో బేరం కుదిరిన కోడి వైపు చూసినట్టుంది.

ఆ మర్నాటి నుంచి బుల్లమ్మ ఒక పని మొదలుపెట్టింది. మొగుడు డ్యూటీకి, కూతురు కాలేజీకి పోయాక, తలుపు గడియ పెట్టి టీవీలో పాటలు చూడటం. తను కూడా గొంతు కట్టేసే చూసేది. తల్లి వేషాలు వచ్చిన చోట ముందుకు జరిగి కూర్చునేది. వాళ్ళ కొంగు ఎటు వైపు పడుతుందో, ఏ కంట్లోంచి ముందు నీళ్ళు కారతాయో, తల ఎంత వంచుతారో పట్టి పట్టి చూసి, గోడకున్న చేతి అద్దం ముందు నిలబడి తను కూడా వంచేది. వేషం తనదేనని నమ్మింది కాబట్టి ముందే నేర్చుకుంటోంది. సమయం వచ్చినప్పుడు కూతురి పరువు తీయకూడదు కదా.

ఒకరోజు ఎర్రయ్య తొందరగా ఇల్లు చేరి, కిటికీలోంచి ఆ తంతు చూశాడు.

"పండ్లు నొస్తున్నయా ఏందే?" అని అడిగాడు పాపం, నిజంగానే కంగారుపడి.

ఇప్పుడు పెట్టె మీద కూర్చున్న బుల్లమ్మకు ఆ అద్దం గుర్తొస్తే ముఖం చెల్లడం లేదు. ఎంత పిచ్చిదాన్నయ్యానని ఆమెకు తన మీద తనకే మంట. తన మీద మంట తన మీదే చూపించుకోలేం కాబట్టి, అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, చిక్కుడుకాయలు గట్టిగా తుంచుతోంది.

నైట్ షిఫ్టు దిగి, గని రాయి జల్లెడ పట్టే స్క్రీనింగ్ ప్లాంటు నుంచి అప్పుడే వచ్చిన ఎర్రయ్య, కనుబొమల దాకా ఎర్రదుమ్ముతో గడపలో నిలబడ్డాడు. అటు చూశాడు, ఇటు చూశాడు.

"ఇయ్యరాదే, చీరే గదా."

"నీకు చీరే."

"అది ఏడికన్న పోతదా? కట్టుకొని ఇప్పుతది."

"నా ఇంట్ల నా పొయ్యి కాడ, నా చీరె కట్టుకొని, నా బిడ్డకు తల్లై కూసుంటది. నువ్వు చూస్కుంట కూసో. రేపు నా తాళి కూడ అడుగుతరు, ఇస్తవా?"

"అవ్వా, నోరు మంచిగ రానియ్యి," అంది సమ్మక్క.

"నా నోరు ఎట్ల మంచిగుంటదే? నేనేమన్న చదువుకున్ననా? పొరుగింటి పుల్లకూర నీకు రుచి."

ఎర్రయ్య తలకు చుట్టిన తువ్వాలు విప్పి దులుపుకున్నాడు. ఆ మనిషి మాట్లాడేది తక్కువ, మాట్లాడితే పెళ్ళాం గుట్టు తెలిసే మాట్లాడతాడు.

"నువ్వు ఇయ్యకుంటే షూటింగ్ ఆగదు. ఆమె ఇంకెవరిదో చీరె కట్టుకుంటది. ఇంకెవరిదో ఇంట్ల తీస్తరు. అప్పుడు నీది చీరె లేదు, పొయ్యి లేదు. ఏదీ లేదు."

బుల్లమ్మ చేతులు ఆగాయి. ఇంకో ఇల్లు అనేసరికి ఆమెకు ఆ పొరుగావిడ ముఖం కళ్ళ ముందు కనబడింది.

ఆమె లేచింది. పెట్టె తెరిచింది. పెళ్ళికి ముందు వాళ్ళ నాయన సొంతూరు భేజ్జి నుంచి కోంటా సంతకు నడిచి వెళ్ళి తెచ్చిన చీర అది, ఎర్ర అంచు ఆకుపచ్చ నేత. మడత విప్పకుండా కూతురి చేతిలో పెట్టింది.

"నా కండ్ల ముందర్నే కట్టాలె. నా కండ్ల ముందర్నే ఇప్పాలె," అంది.

బుధ్రాంతో కలిసి మేడం వచ్చింది. ఎండలో నడిచి వచ్చి ముఖం కందిపోయింది. చీర చూసి రెండు చేతులా అందుకుంది.

"అక్కా, ఏమీ అనుకోకండి. మీ చీర జాగ్రత్తగా చూసుకుంటాను."

"అనుకునేదేముంది మేడం," అంది బుల్లమ్మ. అనుకోవాల్సినవన్నీ ఆమె రాత్రే అనేసుకుంది.

చీర మేడంకు బాగా నప్పింది. అదే బాధ. వంకర టింకరగా ఉన్నా, పొట్టిగా తేలినా బుల్లమ్మకు కొంచెం ఊరటగా ఉండేది. పొయ్యి ముందు కూర్చుని మేడం కొంగు సర్దుకుంటుంటే, ఎర్రయ్య కూడా ఒక క్షణం అటే చూశాడు. బుల్లమ్మ మొగుడి వైపు చూసిన చూపుకు ఆయన స్నానానికని పెరట్లోకి పోయాడు.

బుధ్రాం కెమెరాను బియ్యం డ్రమ్ము మీద పెట్టి కన్ను ఆనించాడు. వాళ్ళ బావ పెళ్ళిళ్ళు తీసే కెమెరా అది. చూసి, తల అడ్డంగా ఊపాడు.

"చేయి ఖాలీ ఉంది మేడం. మన దిక్కు అమ్మకు పచ్చబొట్టు ఉండాలి కదా. చాచీకి ఉన్నట్టు." అని ఒక క్షణం ఆగి, బుల్లమ్మ వైపు తిరిగి నవ్వాడు. "చేతులే కదా కావాలి. చాచీ చేతులే తీస్తే అయిపోద్ది."

బుల్లమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. చేతులైతే చేతులే. ముఖం లేకపోతే ఏమాయె. చేతులు చూసి గుర్తుపట్టేవాళ్ళు గుర్తుపడతారు.

"వద్దు," అంది సమ్మక్క.

"ఎందుకు? పని సులువు..."

"వద్దన్న గదా బుధ్రాం. అవ్వ చేతులైతే నేను చెయ్యలేను."

మేడం తల వంచుకుంది. బుల్లమ్మ తన చేతుల వైపు చూసుకుంది. ముఖం పనికిరాదంటే సరే, గనుల దుమ్ములో నల్లబడ్డ ముఖం. చేతులకేమైంది? ఈ చేతులతోనే కదా ఈ పిల్లకు నీళ్ళు పోసింది.

సమ్మక్క ఆకుపచ్చ స్కెచ్ పెన్ను తీసుకుని తల్లి పక్కన కూర్చుంది. "అవ్వా, చెయ్యి ఇయ్యి. చూసి దించుతా," అంది, గొంతు తగ్గించి.

ఇవ్వనని అనాలనే బుల్లమ్మ నోరు తెరిచింది. కానీ అప్పటికే పిల్ల ఆమె చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. ఎన్నాళ్ళయిందో ఈ పిల్ల తనను ముట్టుకుని. జ్వరమొస్తేనో, జడ చిక్కుపడితేనో తప్ప దగ్గరకే రావడం లేదు. బుల్లమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయింది.

పిల్ల ఒక చేత్తో తల్లి చెయ్యి పట్టుకుని, ఇంకో చేత్తో మేడం చేతి మీద గీస్తోంది. మణికట్టు దగ్గర తేలు. దాని మీద దువ్వెన పండ్లలాంటి గీతలు. మోచేతి దాకా చుక్కల వరస. బుల్లమ్మకు వాటిని చిన్నప్పుడు కోంటా సంతలో పచ్చబొట్లు పొడిచే ముసలామె పొడిచింది. ఏడుస్తుంటే బుల్లమ్మ వాళ్ళమ్మ నోట్లో బెల్లం పెట్టి పట్టుకుంది. చచ్చినాక వంటి మీది బంగారం ఊడదీస్తారు, చీర ఊడదీస్తారు, ఈ బొట్టు ఒక్కటే నీది బిడ్డా, నీ వెంట వచ్చేది, అని చెప్పింది. ఆ ఒక్కటీ ఇప్పుడు ఇంకొకరి తెల్లటి చేతి మీద, చెమటకు చెదిరిపోయే రంగులో, ఒక్కొక్క చుక్కే లేస్తోంది.

"నొప్పిగా ఉండేదా అక్కా, పొడిచినప్పుడు?" మేడం అడిగింది.

"మీకేం నొప్పి ఉండదు మేడం. కడుగుతే పోతది."

బుల్లమ్మకు ఆ మాట అన్నందుకు కాస్త తృప్తిగానే ఉంది.

షాటు మొదలైంది. పొయ్యి ముందు తల్లి, గుడ్డలో సద్ది మూట కడుతుంది. పిల్ల వచ్చి కాళ్ళకు దండం పెడుతుంది. తల్లి చెయ్యి పిల్ల తల మీద పడుతుంది. పిల్ల మూట తీసుకుని గడప దాటి పోతుంది. వెనక్కి తిరగదు. పాటల్లో పోయే పిల్లలంతా వెనక్కి తిరుగుతారనీ, మన పిల్ల తిరగకూడదనీ సమ్మక్కే పట్టుబట్టి పెట్టుకున్న షరతు అది.

లాప్‌టాప్‌లో పాట పెట్టారు. బుల్లమ్మ వంటింటి గోడకు ఆనుకుని, కెమెరాకు కనబడని చోట నిలబడింది. సొంత ఇంట్లో దొంగలా నిలబడటం ఆమెకు కొత్త.

మేడం మూట కట్టింది. పచ్చబొట్టు చెయ్యి కట్టిన ముడిని ఒకసారి తడిమింది. సమ్మక్క వచ్చి వంగింది. ఆ చెయ్యి తల మీద పడగానే పిల్ల భుజాలు కదిలాయి. కదిలి, ఆగలేదు. పాట ముందుకు పోతోంది, పిల్ల లేవడం లేదు. బుధ్రాం కెమెరా మీంచి తల ఎత్తి చూశాడు, మళ్ళీ వంచాడు. కొంతసేపటికి సమ్మక్క లేచి, మూట తీసుకుని, గడప దాకా పోయి, అక్కడ నిలబడిపోయింది. వెనక్కి తిరిగింది. ముఖమంతా తడి. ఆకుపచ్చ చీర వైపు, ఆ చేతుల వైపు చూసి, "అవ్వా," అంది.

పాటలో ఉన్న మాట "అమ్మా". రోజూ సాధన చేసిన మాట అదే. అవ్వా అని ఈ లోకంలో సమ్మక్క పిలిచేది ఒక్కరినే.

ఆ ఒక్క మాట మిగిలి ఉండేది తనకు. అదీ ఇచ్చేసింది. బుల్లమ్మ గోడను గట్టిగా పట్టుకుంది. కూతురు తన కోసం అలా ఏడవడం ఆమె ఎన్నడూ చూడలేదు. టైఫాయిడ్ వచ్చి తను దంతెవాడ ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు కూడా ఆ పిల్ల కళ్ళు పొడిగానే ఉన్నాయి. అసూయ అంటే ఇంత బరువుంటుందని ఆమెకు తెలియదు. ఆ మేడం జుట్టు పట్టుకుని, చీర లాగేసి, చేతి మీది రంగును ఇసుకతో తోమెయ్యాలనిపించింది.

"బస్, బస్," అన్నాడు బుధ్రాం. "వెనక్కి తిరిగినావు. మళ్ళీ తీయాలి."

సమ్మక్క అక్కడే గడప మీద కూలబడి ముఖం మోకాళ్ళలో దాచుకుంది. మేడం పొయ్యి దగ్గర నుంచి లేచింది. పిల్ల దగ్గరకు పోలేదు. తిన్నగా బుల్లమ్మ దగ్గరకు వచ్చి, ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఆమె కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి.

"నేను ఈ మాట ఎప్పుడో అనాల్సిందక్కా. మీది చాలా పెద్ద మనసు. ఒక్కగానొక్క పిల్లని నాతో వైజాగ్ పంపడానికి ఒప్పుకున్నారంటే, నాకు నమ్మబుద్ధి కాలేదు. అక్కడి వీడియో ఎడిటింగ్ కోర్సులో సీటు అందరికీ రాదు. మా ఇంట్లోనే ఉంటుంది. నా చెల్లెలిలా చూసుకుంటాను. అమ్మకి చెప్పావా, ఏమంది అని రోజూ అడిగేదాన్ని. సరే అంది మేడం, అనేది. అయినా మీ నోటితో వినాలనుండేది."

గడప మీద సమ్మక్క తల ఎత్తింది. ఆ ముఖం తెల్లగా పాలిపోయింది.

బుల్లమ్మకు అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. అవ్వ చేతులైతే చెయ్యలేనన్న మాట. నెలరోజులుగా దగ్గరకు రాకపోవడం. గడపలో నిలబడి పిలిచిన పిలుపు. ఆ ఏడుపు మేడంకు కాదు. చీరకు, చుక్కలకు, తనకు. పిల్ల నిజంగానే పోతోంది. చెప్పే ధైర్యం లేక, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, పాటలో పోవడం నేర్చుకుంటోంది.

అర్థమైంది నిజమే. కానీ కడుపులో మంట అర్థంతో చల్లారుతుందా? ఎదురుగా ఆకుపచ్చ చీరలో ఆవిడ నిలబడి ఉంది. కూతురి సంగతి తనకంటే ముందు తెలిసిన ఆవిడ. నాకు తెలియదు, నా బిడ్డ నాకు చెప్పలేదు అని ఆ ముఖం మీద అనాలి. అంటే ఆ ముఖంలో జాలి పుడుతుంది. ఏదైనా భరించవచ్చు కానీ హేమలత మేడం జాలి భరించడం బుల్లమ్మ వల్ల కాదు.

ఆమె తన చేతులు విడిపించుకుంది.

"నాకు ఎప్పుడో చెప్పింది," అంది. "నాకు చెప్పకుంట నా బిడ్డ ఏం చేస్తది?"

"అవ్వా..." సమ్మక్క లేచి నిలబడింది.

"నువ్వు ఊకో. మేడం, ఒక్క మాట. మీరు తీసుకపోతలేరు. నేనే పంపుతున్న. ఆ ముచ్చట మీకు యాదుండాలె."

"అలాగే అక్కా," అంది మేడం, మనస్ఫూర్తిగా.

సమ్మక్క పరుగున వచ్చి తల్లిని చుట్టేసుకుంది. "నువ్వు వద్దంటవనుకున్ననే. ఎట్ల చెప్పాల్నో తెల్వక సచ్చిన. వద్దంటే ఆగిపోదామనే అనుకున్న అవ్వా, నీ మీద ఒట్టు."

వద్దంటే ఆగిపోయేదే. ఆ మాట బుల్లమ్మ చెవిలో పడి, మెల్లగా లోపలికి దిగింది. వద్దనే మాట ఇంకా నాలుక మీదే ఉంది. దాన్ని ఇప్పుడు బయటికి తేవాలంటే ముందు అన్న అబద్ధాన్ని అందరి ముందూ మింగాలి.

పెరటి తలుపు దగ్గర చప్పుడైంది. తల తుడుచుకుంటూ ఎర్రయ్య నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో, ఎంత విన్నాడో. నీళ్ళు కారుతున్న ముఖంతో కూతురిని చూడలేదు, మేడంను చూడలేదు. పెళ్ళాన్నే చూశాడు.

"నీకు తెలుసా?" అన్నాడు. "తెలిసి నాకు చెప్పలేదా?"

బుల్లమ్మ కొంగుకున్న తాళంచెవిని పిడికిట్లో పట్టుకుంది.

"సరే. పంపుతున్న అంటివి గదా," అన్నాడు ఎర్రయ్య. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన గొంతు అలా ఉండగా ఆమె వినలేదు. "ఎన్నడు పోతంది నా బిడ్డ?"

మేడంకు ప్రయాణం ఏ రోజో తెలుసు. సమ్మక్కకు తెలుసు. కెమెరా సంచిలో సర్దుకుంటున్న బుధ్రాంకు కూడా తెలిసే ఉండాలి, ఎవరి వైపూ చూడటం లేదు. అందరూ బుల్లమ్మ చెబుతుందని ఎదురుచూస్తున్నారు.